రేకుల కింద ఆరే మోటార్లు

సీలింగు మేస్త్రి నిచ్చెనెక్కి టేపును పైకప్పుకు ఆనించాడో లేదో, "ఇవాళ వద్దులే, దిగు" అంది కింద నుంచి వైండింగక్క.

"కొలతలకే కదమ్మా వచ్చింది. ఒక్క మేకు కూడా కొట్టను."

"కొలిచావంటే కట్టేస్తావు. దిగు."

మేస్త్రి దిగాడు. అతనికి ఇది అలవాటైపోయింది. వచ్చిన ప్రతిసారీ ఆమెకు ఏదో ఒక అడ్డం వచ్చిపడేది. ఒకసారి వార్నిష్ వాసన ఎక్కువగా ఉందంది, ఒకసారి దుమ్ము పడుతుందంది. ఈసారి కారణం కూడా చెప్పలేదు. నిచ్చెన భుజానికెత్తుకుని బయటికొస్తూ, వ్యాను అద్దం తుడుస్తున్న ఆమె భర్త దగ్గర ఆగాడు.

"అన్నగారూ, మీ ఆవిడ ఆ రేకుల కింద ఏదో దాచింది. నన్ను చూడనివ్వడం లేదు."

మామూలుగా అయితే ఆయన దానికి ఇంకో నాలుగు కలిపి నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. గుడ్డ పిండి వ్యాను మీద ఆరేసి, షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎండలు ముదిరేలోగా పైన షీట్లు పడాలి. పడకపోతే నువ్వు ఇందులో కూర్చోవు. అంతే."

ఆమె తలెత్తలేదు. చేతిలోని రాగి తీగను సరిచూసుకుంటూ, "సరేలే బావా" అంది. ఆ 'సరేలే'లో ఒప్పుకోలు లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టడం ఆమె పని, అందుకని అందరికీ వైండింగక్క. తనకంటే పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అంటారు. షెడ్డు ఆమె తండ్రిది. ఆయన చుట్టేటప్పుడు పక్కన కూర్చుని తీగ అందిస్తూ నేర్చుకుంది. తండ్రి పోయాక షెడ్డు అమ్మేద్దామన్నారు అందరూ. మర్నాడు పొద్దున్నే తలుపు తీసి కూర్చుంది. మొగుడు మేనత్త కొడుకే, స్కూలు పిల్లల వ్యాను నడుపుతాడు. అందుకే ఇంట్లో పెళ్ళికి ముందున్న పిలుపులే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆయన ఆమెకు బావ, అత్తగారు వట్టి అత్త.

షెడ్డు చిన్నది. ఇటుక గోడలు, పైన రేకులు. ఒక మూల ఇనప యాంగిళ్ళతో చేసిన ఎత్తైన ర్యాకు ఉంది. దాని పై అర రేకులకు మూరెడు దూరంలో ఉంటుంది. చుట్టడం పూర్తయిన మోటారుకు వార్నిష్ పోసి, గొలుసు పుల్లీతో ఎత్తి ఆ అరలో పెడుతుంది. వార్నిష్ తీగల మధ్యకు దిగి గట్టిపడాలి. లోపల పచ్చిగా ఉండగా మోటారు తిప్పితే తీగకు తీగ అంటుకుని మళ్ళీ కాలిపోతుంది. చుట్టడంలో ఎంత నేర్పు ఉన్నా, ఆరబెట్టడంలో తొందరపడితే అంతా గంగలో పోసినట్టే. ఆమె దగ్గర నుంచి వెళ్ళిన మోటారు అదే రోగంతో వెనక్కి వచ్చిందని ఆ చుట్టుపక్కల ఎవరూ అనలేదు. తండ్రి వదిలిపోయిన ఆస్తి అదేనని ఆమె లెక్క.

కిందటి వేసవిలో మిట్టమధ్యాహ్నం ఆ పై అరలో మోటారు ఆరిందో లేదో చూడ్డానికి నిచ్చెనెక్కింది. రేకుల వేడి మాడు మీద కొట్టింది. కళ్ళు చీకట్లు కమ్మాయని తెలుసు, ఆ తర్వాత ఏమీ తెలియదు. పాత తీగ కట్టల బస్తా మీద పడబట్టి తల పగల్లేదు. బావ వచ్చి చూసేసరికి ఒళ్ళు కాలిపోతోంది, నోట మాట లేదు. ఆసుపత్రిలో తేరుకున్నాక డాక్టరు ఆమెతో చెప్పలేదు, ఆయన్ని బయటికి పిలిచి చెప్పాడు. ఇది మామూలు కళ్ళు తిరగడం కాదు, వడదెబ్బ. ఇంకోసారి తగిలితే నన్నేమీ అడక్కండి అన్నాడు. ఆ మాట ఆయన ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. షీట్ల మేస్త్రిని మాత్రం వెతికి పట్టుకున్నాడు.

అలా మొదలైంది ఇంట్లో బేరీజు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే.

"వెండి కాగితం అతికించిన ఫోము షీట్లు. రేకుల కింద బిగిస్తే ఎండ పైనే ఆగిపోతుందట. మధ్యాహ్నం కూడా హాయిగా పని చేసుకోవచ్చు" అనేవాడు ఆయన.

"నిప్పురవ్వ ఎగిరితే? టంకం పెట్టేది అక్కడే."

"టంకం బల్ల మీద పెడతావా, పైకప్పుకి పెడతావా?"

"ఎలుకలు చేరతాయి."

"ఇప్పుడు చేరడం లేదు కదా? ఇంత వేడిలో అవి కూడా బతకలేక పోయినట్టున్నాయి."

"ఆ డబ్బు పెడితే ఇంకో చుట్టే మిషను వస్తుంది."

"మిషను వస్తుంది. దాని ముందు కూర్చోడానికి మనిషి ఎక్కడినుంచి వస్తుంది?"

ఆయన వైపు లెక్క బరువుగానే ఉంది. చెమట చుక్క వైండింగులో పడితే మళ్ళీ తుడిచి చూసుకోవాలి. వేళ్ళు జారతాయి. మధ్యాహ్నానికి తల బరువెక్కి, సాయంత్రం పనంతా మందగిస్తుంది. ఇవన్నీ ఆమెకు ఆయనకంటే బాగా తెలుసు. తెలిసీ ఎందుకు మొరాయిస్తోందో ఆయనకు అంతుచిక్కలేదు. పట్టుకున్నది అత్త.

"నీ అసలు బాధ ఎలుకలు కాదే. ఓవెను పోతుందని కదా?" అంది ఒకరోజు కంచంలోంచి తలెత్తకుండానే.

కోడలు ముద్ద కలపడం ఆపింది.

"ఓవెనేంటమ్మా?" అన్నాడు కొడుకు.

"మీ మామయ్య ఓవెనురా. మోటారు తెచ్చినవాళ్ళు ఓవెన్లో ఆరబెడతారా అని అడిగితే, పెడతాం, మాది కరెంటు తినని రకం అని పైకి చూపించేవాడు మా అన్నయ్య. వాళ్ళు మేడ మీద ఏదో ఉందనుకునేవాళ్ళు. ఆ రేకులే వాడి ఓవెను. ఇప్పుడు దీనిక్కూడా అదే."

వైండింగక్క ఒప్పుకుంది. వేడి ఆగిపోతే వార్నిష్ ఆరదు. అసలైన ఓవెను కొనే స్తోమత లేదు, కొన్నా ఆ వీధి కరెంటు లైను దాన్ని మోయదు. ఆ వేడి తనను పడేసిన మాట నిజమే, తన పనిని నిలబెట్టిందీ అదే.

ఆయన కంచం పక్కకు జరిపాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"అంటే మోటారు ఆరడానికి నువ్వు కాలాలా?"

ఆమె కలిపిన ముద్దను అలాగే కంచంలో వదిలి చెయ్యి కడుక్కుంది.

ర్యాకు ఉన్న మూలను వదిలేసి మిగతాదంతా కప్పితే సరిపోతుందేమోనని మేస్త్రిని అడిగి చూశారు. "మీ ఇష్టం. కానీ ఆ మూల నుంచే వేడంతా గదిలోకి దిగుతుంది. మిగతా షీట్లు అలంకారానికి ఉంటాయి" అన్నాడతను. ఆమె పడింది ఆ మూలలోనే కాబట్టి బావ కూడా దానికి ఒప్పుకోలేదు. చివరికి ఒక పాత డ్రమ్ములో పెద్ద బల్బులు అమర్చి, వాటి వేడికి ఆరబెట్టవచ్చని నిర్ణయానికొచ్చారు. మేస్త్రి వచ్చి రేకుల కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా షీట్లు బిగించాడు. ఆమె గుమ్మంలో నిలబడి, ఇంటికి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

షెడ్డు చల్లబడింది. ఆ సంగతి ఆమె కాదనలేదు. మధ్యాహ్నం కూడా బల్ల ముందు కూర్చోగలిగింది. ఫ్యాన్లవీ మిక్సీలవీ చిన్న మోటార్లు డ్రమ్ములో బాగానే ఆరాయి. అత్త అప్పుడప్పుడూ వచ్చి కుర్చీ వేసుకుని, "ఇల్లు కంటే ఇదే నయంగా ఉంది" అని కునుకు తీసేది. అయినా వైండింగక్క మనసు కుదుటపడలేదు. డ్రమ్ములో పట్టని మోటారు వస్తే ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉంది.

అది వచ్చింది. ఎండలు బాగా ముదిరిన వారంలో, వీధి చివరి చిన్న ఆసుపత్రి నుంచి. నీళ్ళు పైకి తోడే పంపు మోటారు కాలిపోయింది. బదులుగా ఉంచుకున్నది అంతకుముందే పాడై ఎక్కడో బాగుకు వెళ్ళింది. కింది తొట్టె నుంచి పై వార్డులకు బకెట్లతో నీళ్ళు మోస్తున్నారు. ఆసుపత్రి సూపర్‌వైజరు ఇస్త్రీ చొక్కాతో తోపుడు బండి వెనకాలే నడిచి వచ్చాడు.

"అక్కా, కాన్పుల వార్డు పైనుంది. నీళ్ళు లేకపోతే ఎలా ఉంటుందో మీకు చెప్పాలా?"

"రేపు మధ్యాహ్నానికి ఇస్తాను" అంది ఆమె. నోటిలోంచి వచ్చిన మాట పాత షెడ్డు లెక్క. అన్న తర్వాత పైకి చూసింది. వెండి కాగితం మెరుస్తోంది.

కాలిన తీగంతా పీకి, శుభ్రం చేసి, మర్నాడు పొద్దున్నకి చుట్టడం పూర్తి చేసింది. వార్నిష్ పోసి, కారేది కారాక పుల్లీతో పై అరకు ఎత్తింది. డ్రమ్ములో అది పట్టదు. మోటారు లోపలి ఖాళీలో బల్బులు వేలాడదీసింది. కాసేపటికి కరెంటు పోయింది. వచ్చింది. మళ్ళీ పోయింది. బయట ఎండలో పెడదామంటే వీధిలో దుమ్ము లేస్తోంది, పచ్చి వార్నిష్ మీద దుమ్ము కూర్చుంటే మొదటినుంచీ మొదలుపెట్టాలి. మధ్యాహ్నం బొటనవేలితో నొక్కి చూసింది. వేలిముద్ర స్పష్టంగా పడింది.

అప్పుడే సూపర్‌వైజరు వచ్చాడు. అతని ఫోను మోగుతూనే ఉంది.

"అయిందా అక్కా?"

"ఆరలేదు."

"పైన ఎండిపోయినట్టే ఉందిగా. మిగతాది తిరుగుతూ ఆరిపోదూ? వేడెక్కుతుంది కదా ఎలాగూ."

"వేడెక్కుతుంది. ఆ పైన తగలబడుతుంది."

"అక్కా, నేను పెద్దవాళ్ళతో మధ్యాహ్నం అని చెప్పేశాను. పైన నిన్న పుట్టిన పిల్లలున్నారు."

ఆమె మోటారు వైపు చూసింది, అతని వైపు చూసింది. ఒక్క క్షణం ఇచ్చేద్దామనే అనిపించింది. అతనే అడుగుతున్నాడు, మాట పడేది కూడా అతనే. కానీ సాయంత్రానికి అది కాలితే ఆ పిల్లలకు రేపు కూడా నీళ్ళుండవు. తీగ కోసే కత్తి తీసుకుని నిచ్చెన జరిపింది.

ఆయన చిన్న తరగతుల పిల్లల్ని దించేసి వచ్చి వ్యాను ఆపింది సరిగ్గా అప్పుడే. గుమ్మంలోకి వచ్చేసరికి భార్య ఆ మూలలోనే, ఆ నిచ్చెన మీదే, చెయ్యెత్తి కత్తి షీటుకు ఆనించి ఉంది.

"దిగు."

"ఇదొక్కటి కోయనీ బావా. ఈ ర్యాకు మీది మాత్రమే."

"దిగమంటున్నాను. కిందటేడు నిన్ను ఎత్తుకుని పరిగెత్తింది నేను. నువ్వు కాదు."

"దీన్ని పచ్చిగా ఇచ్చి పంపమంటావా?"

"నిన్ను దిగమంటాను. ముందు నువ్వు దిగు, ఆ తర్వాత ఏదైనా అడుగు."

సూపర్‌వైజరు ఫోను మోగుతున్నా తీయడం మర్చిపోయాడు. ఆమె దిగలేదు. కత్తి నొక్కింది. షీటు చీలింది.

ఆ చీలికలోంచి వేడి మొహం మీద పడింది. పొయ్యి మూత తీసినట్టుంది. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. ఆయన చప్పున నిచ్చెన కింద రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"పట్టుకున్నాలే. మెల్లగా దిగు."

ఈసారి దిగింది. దిగి నేల మీద కూర్చుని, కుర్చీలో కునుకు తీస్తున్న అత్త లేచి ఇచ్చిన నీళ్ళు తాగింది. ఆమె కళ్ళు మాత్రం ఆ చీలిక మీదే ఉన్నాయి.

"ఇంత వేడి ఎప్పుడూ లేదు బావా. పాత రోజుల్లో కూడా లేదు."

"అందుకే దిగమన్నాను."

"కాదు, విను. రేకుల వేడి ఎక్కడికీ పోలేదు. కిందకి రానివ్వకుండా ఆపాం, అంతే. అదంతా ఆ సందులోనే ఇరుక్కుని ఉంది. మనం మోటారును షీటుకి ఇవతల పెట్టాం."

"అవతల పెట్టాలంటావు" అన్నాడు ఆయన.

"షీటును ర్యాకు చుట్టూ కిందకి దించితే మోటారు అవతల ఉంటుంది, మనం ఇవతల ఉంటాం. గదిలోకి వేడి దిగదు."

ఆయన కాసేపు పైకి చూశాడు. తర్వాత చొక్కా విప్పి వంకీకి తగిలించాడు. "చెప్పు, ఎక్కడ కోయాలో. ఎక్కేది నేను."

ర్యాకు మీది షీటును ఆమె చెప్పినచోటల్లా ఆయన కోశాడు. ఆ ముక్కల్ని తెరల్లా చుట్టూ వేలాడదీశారు. మేస్త్రి వదిలేసిన ముక్క ఒకటి అర అడుగున పరిచారు. పట్టుకోడానికి మనిషి చాలక సూపర్‌వైజరును పిలిచారు. అతను ఇస్త్రీ చొక్కాతో ఒక తెర అంచును చేతులు పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెమట మోచేతుల దాకా కారుతోంది.

"బాబూ, ఆసుపత్రిలో కూడా ఇంత పని చేస్తావా?" అంది అత్త.

"అక్కడ చేయించుకుంటానమ్మా" అన్నాడు అతను. ఫోను మళ్ళీ మోగింది. "చేతులు ఖాళీ లేవు. ఎవరైనా చెప్పండి వాళ్ళకి."

అత్త ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. "ఆరుతోంది నాయనా. ఆరాక వస్తుంది" అని పెట్టేసింది.

ఇక కూర్చోవడమే మిగిలింది. అన్నిటికంటే కష్టమైనది అదే. ఆమె పైకెక్కడానికి లేదు. ఆరిందో లేదో వేలితో తెలుసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చిన పని, ఇప్పుడు ఆ పని వ్యాను స్టీరింగు తిప్పే వేలు చేయాలి. కొంతసేపయ్యాక ఆయన ఎక్కి, తెరలోంచి చెయ్యి మాత్రం లోపలికి పెట్టాడు.

"ఎలా ఉంది?"

"ఆరినట్టే ఉంది."

"ఆరినట్టే వద్దు. నొక్కు. తీసేటప్పుడు వేలు పట్టుకుంటోందా?"

"కొంచెం."

"కొంచెమంటే ఆరలేదు. దిగు."

సూపర్‌వైజరు నోరు తెరిచాడు గానీ, ఆమె చూసిన చూపుకు మూసేశాడు.

రెండోసారి ఆయన, "అస్సలు పట్టుకోవడం లేదు" అన్నాడు. ఆమె అగ్గిపుల్ల అందించింది. తీగలు దిగే గాడి లోపలి మూలలోకి గుచ్చి తీయమంది. పుల్ల కొసకు బంక మరక అంటుకుని వచ్చింది. సూపర్‌వైజరు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. తన మాటే నెగ్గి ఉంటే ఈపాటికి ఏమయ్యేదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గోడవారగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆసుపత్రికి తనే ఫోను చేశాడు. "ఇంకాస్త టైం పడుతుంది. బకెట్లు ఆపకండి."

పుల్ల పొడిగా వచ్చేసరికి ఎండ వీధి అవతలికి జరిగింది. గొలుసుతో మోటారును కిందకి దించారు. కరెంటు తీగల్లోంచి మోటారు ఒంటికి కారుతోందేమో చూసే మీటరు తగిలించి ఆమె పిడి తిప్పింది. ముల్లు కదిలి, ఉండాల్సిన చోటికి చాలా ఇవతలే ఆగిపోయింది.

సూపర్‌వైజరు గోడవార నుంచి లేచి దగ్గరికొచ్చాడు.

"పోయిందా?" అన్నాడు బావ.

"తెలీదు. వేడి మీద ఉంటే తక్కువే చూపిస్తుంది. చల్లారాక కూడా ఇక్కడే ఉంటే పోయినట్టే."

పాత షెడ్డులో అయితే ఈ వేళకి దించిన ఇంత పెద్ద మోటారు చల్లారడానికి పొద్దుగూకేది. కాలే మోటారు, కాలే గదిలో చల్లారేదెప్పుడు? ఆమె ఫ్యానును దాని వైపు తిప్పి, ముందు కూర్చుంది. మోటారు ఒంటి మీద అరచెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది. వేడి దిగుతోంది, ఆమె అనుకున్నదానికంటే త్వరగా. ఒకసారి తలెత్తి ఆ వెండి షీట్ల వైపు చూసింది. బేరీజు వేసుకున్నన్నాళ్ళూ ఈ లాభం ఇద్దరి లెక్కలోనూ లేదు.

మళ్ళీ పిడి తిప్పింది. ఈసారి బావ ముల్లు వైపు వంగాడు. అది మొదటి చోటు దాటింది, ఆగలేదు, మెల్లగా పైకి పాకుతూ చివరి గీతల్లోకి వెళ్ళి నిలబడింది. ఆమె పిడి వదల్లేదు. కాసేపు అలాగే తిప్పి, ముల్లు జారడం లేదని చూసుకుని అప్పుడు వదిలింది.

"బండి తెప్పించు" అంది సూపర్‌వైజరుతో.

"బండెందుకు? వ్యానుంది" అన్నాడు బావ. సాయంత్రం పెద్ద పిల్లల్ని తీసుకురావడానికి అప్పటికే ఇంకో డ్రైవరును అతని వ్యానులో పంపాడు.

ఆసుపత్రి వెనక ఇరుకు పంపు గదిలో ఆమే బిగించింది. స్విచ్చి వేశాక మోటారు ఒకసారి గురగురమని, తర్వాత నిలకడగా పాడింది. గొట్టంలోకి నీళ్ళెక్కాయి. సూపర్‌వైజరు దండం పెట్టబోతే, "అటు తప్పుకో, వెలుతురు పడ్డం లేదు" అంది.

"పద, తిరుగుతోందిగా" అన్నాడు బావ బయట నుంచి. "పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు నువ్వు."

"ఇంకొంచెం సేపు."

ఆయన వ్యాను తాళం జేబులో వేసుకున్నాడు. వచ్చి పంపు గది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె మోటారు పక్కన గొంతుక్కూర్చుని, దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి, ఎంత వేడెక్కుతోందో చూసుకుంటూ ఉండిపోయింది. పై నుంచి ఎవరో, "నిండింది, ఆపండి" అని కేకేసేదాకా ఆ చెయ్యి తీయలేదు.